గివ్ హిమ్ ది గ్లాస్

"రోజూ తాగేవాడు ఇవాళెందుకు తాగలేదండీ? అదొక్కటి చెప్పండి, మీ మాస్టార్ని ఇప్పుడే వదిలేస్తాను."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చంద్రరావు బల్లమీద అరచెయ్యి వేసి అడిగాడు. అడిగి ఊరుకోలేదు, గెలిచిన పుంజుని చంకలో పెట్టుకున్నవాడిలా నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకు పాత పరిచయమే. రాజమండ్రిలో నేను డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టిన రోజునుంచీ అతని దృష్టిలో నేను పెళ్ళిసంబంధాల కూపీ లాగే మనిషిని, అంతే. "పెళ్ళికొడుక్కి సిగరెట్టు అలవాటుందో లేదో కనుక్కోవడం వేరు దుర్గాశ్రీ గారూ, హత్యాయత్నం వేరు" అని ఇందాక మెట్లెక్కుతూ అన్నాడు. ఒళ్ళు మండింది. మండినా నోరు మూసుకున్నాను. ఈ గదిలోకి అడుగుపెట్టాలంటే అతని అనుమతి కావాలి మరి.

గది కుక్కుటేశ్వరరావుగారిది. మండపేట దాటాక రోడ్డుపక్కనున్న ఆయన రైస్ మిల్లు మేడమీద, ధాన్యం, బియ్యం శాంపిళ్ళు పరిచి చూసుకునే గది. పొద్దున్న ఇక్కడే ఇంగ్లీషు క్లాసు జరుగుతుండగా ఆయన గ్లాసులో నిమ్మరసం తాగి కుప్పకూలిపోయారు. గోడౌన్లలో పురుగుకి వాడే మందేదో కడుపులోకి వెళ్ళిందన్నారు డాక్టర్లు. ఆయనిప్పుడు రాజమండ్రి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు. ఆయనకి ఇంగ్లీషు చెప్పే ఎజ్రా మాస్టారు స్టేషన్లో, లాకప్‌లో ఉన్నారు.

మాస్టారి భార్య హెలెన్ మధ్యాహ్నం నా ఆఫీసుకొచ్చింది. ఆవిడ ఏడవలేదు. "ఒక్కరాత్రి జైల్లో పెట్టినా చాలండి, విషం పెట్టినవాడనే మాట ఇక పోదు. ఆయన దగ్గరికి ఎవరూ పిల్లల్ని పంపరు. పిల్లలు లేకపోతే మా ఆయన బతకలేరండి" అంది. చంద్రరావు సాయంత్రం ఆయన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు. అంటే దీపాలు పెట్టే వేళలోగా నేనేదైనా తేల్చాలి. వస్తూ వస్తూ స్టేషన్ దగ్గర ఆగి ఊచల్లోంచి మాస్టార్ని చూశాను. బట్టతల, బక్కప్రాణం. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "కుక్కుటేశ్వరరావుగారికి ఎలా ఉందండీ?" అని. అబద్ధాలు వినడమే నా వృత్తి. ఆ గొంతులో అబద్ధం లేదు.

"ఆయన తాగకపోవడానికి కారణం ఉపవాసం అండి" అన్నాను చంద్రరావుతో. "మొన్న బుధవారమే క్రైస్తవులకి శ్రమకాలం, అంటే ఈస్టరు ముందటి ఉపవాసాల రోజులు, మొదలైంది. ఇవాళ మొదటి శుక్రవారం. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు."

"ఆహా! సరిగ్గా విషం పడిన రోజే ఉపవాసం కూడా కలిసొచ్చిందన్నమాట. నేనూ శనివారం ఉపవాసమేనండి. నాలుగిడ్లీ తిని ఉంటాను." పక్కనున్న హెడ్ కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. "మందు ఎక్కడినుంచి వచ్చిందని అడక్కండి, మిల్లులో కావలసినంత దొరుకుతుంది. ఎవరికి దొరికింది అన్నదే ప్రశ్న. వద్దన్నవాడికే తెలుస్తుంది అందులో ఏముందో."

వాదన బలంగానే ఉంది. అందుకే నాకు చిరాకేసింది. నేను వాదించడం మాని ప్రవీణ్‌ని పిలిపించమన్నాను.

ప్రవీణ్ కుక్కుటేశ్వరరావుగారి మేనల్లుడు, మిల్లు మేనేజరు. ముప్ఫైఏళ్ళవాడు. ఇంత గొడవలోనూ చొక్కా ఇస్త్రీ నలగలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"క్లాసులో ఎవరెవరు ఉంటారు?" అడిగాను.

"ముగ్గురమేనండి. మావయ్య, ఆయన కూతురు పూజిత, నేను. మావయ్య బియ్యం విదేశాలకి పంపుదామనుకుంటున్నారు. వాళ్ళతో మాట్లాడ్డానికి మధ్యలో ఇంకొకడెందుకు, మనమే నేర్చుకుందాం అన్నారు."

"గ్లాసు ఎవరెవరి చేతులు మారింది?"

"పూజిత పోసి నాకిచ్చింది. నేను మావయ్యకిచ్చాను. మావయ్య మాస్టారికివ్వాలి. అది పాఠం అండి, ఒకరికొకరు అందిస్తూ ఇంగ్లీషులో చెప్పాలి. మాస్టారు పుచ్చుకోలేదు. మావయ్య తాగేశారు."

"మీ మావయ్య తాగుతుంటే మీరేం చేస్తున్నారు?"

"ఏం చేస్తానండి? నా కుర్చీలో కూర్చుని చూస్తున్నాను."

"లేవలేదా?"

"పడిపోయాక లేచానండి." అతను చంద్రరావు వైపు తిరిగాడు. "సార్, ఆసుపత్రిలో అత్తయ్య ఒక్కరే ఉన్నారు. నేను వెళ్ళాలి."

"మరో రెండు ప్రశ్నలున్నాయి" అన్నాను.

"మీ ప్రశ్నలు ఎక్కడికీ పోవు" అన్నాడు చంద్రరావు. "మీరు వెళ్ళిరండి ప్రవీణ్ గారూ. ఇంట్లో మనిషి అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఈవిడ పెళ్ళిచూపుల ప్రశ్నలు వేస్తుంది." ప్రవీణ్ నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. కింద కారు కదిలిన చప్పుడు వినిపించింది. చంద్రరావు కూడా ఫోన్ మోగితే వరండాలోకి నడిచాడు.

పూజిత వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మంచినీళ్ళిస్తే గ్లాసు వంక భయంగా చూసి పక్కన పెట్టేసింది. నాకు జాలేసింది.

"అమ్మా, ఆ పాఠం ఎలా జరుగుతుందో నాకు చూపించు" అన్నాను. "నాకు బొత్తిగా ఇంగ్లీషు రాదనుకో."

"మాస్టారి పద్ధతే వేరండి. రాయించరు, చేయించాలంటారు. గివ్, షో, టెల్, సెండ్... ఇలాంటి మాటల వెనక రెండు రావాలటండి. మనిషి ముందు, వస్తువు తర్వాత. గివ్ హిమ్ ది గ్లాస్. హిమ్ అనగానే అందరం ఆ మనిషి మొహంలోకే చూడాలి. వస్తువు వైపు చూస్తే తప్పు. గ్లాస్ అన్నాకే చెయ్యి చాపాలి. తెలుగులో మనం గ్లాసు ఆయనకివ్వు అన్నా, ఆయనకి గ్లాసివ్వు అన్నా ఒకటే కదండీ. అక్కడ హిమ్ లాంటి చిన్నమాట వస్తువు వెనక్కి వెళ్ళకూడదంటారు. నాన్నగారేమో 'గివ్ ది గ్లాస్ హిమ్' అనేవారు. ఎంత నవ్వుకునేవాళ్ళమో..." ఆ పిల్ల చున్నీతో కళ్ళొత్తుకుంది.

"ఎవరెక్కడ నిలబడతారు?"

పూజిత చూపించింది. పొడుగాటి బల్ల. అటు చివర గోడకి నల్లబోర్డు, అక్కడ మాస్టారు. ఇటువైపు కిటికీ పక్కన ప్రవీణ్ కుర్చీ, దాని ఎదురుగా కుక్కుటేశ్వరరావుగారిది, అరుగు దగ్గర పూజితది. కిటికీ అరుగుమీద ఊక దుమ్ము పేరుకుని ఉంది. ఆ దుమ్ములో జగ్గు పెట్టిన గుండ్రటి మచ్చ, పక్కన గ్లాసు మచ్చ. మాస్టారు నిలబడే చోటినుంచి ఆ అరుగు అందాలంటే బల్ల చుట్టూ తిరిగి రావాలి.

"మాస్టారు ఈ పక్కకి వస్తారా?"

"క్లాసు అయ్యేదాకా బోర్డు దగ్గర్నుంచి కదలరండి. అక్కణ్ణుంచే చూస్తూ తప్పులు దిద్దుతారు."

"జగ్గులో నిమ్మరసం ఎవరైనా తాగారా?"

"ఉప్పూ పంచదారా సరిపోయాయో లేదోనని పోసే ముందు నేనే తాగి చూశానండి. నాకేం కాలేదు. గ్లాసు కూడా నేనే కడిగి తెచ్చాను. పోలీసులకి చెప్తే నన్నే అనుమానంగా చూశారు."

"ఆ గ్లాసు చివరికి ఎవరు తాగాలి?"

"మాస్టారేనండి. రోజూ అంతే. పాఠం చెప్పినాయనకి ఇవ్వందే మనం తాగకూడదని నాన్నగారి పట్టు. చివరి వాక్యం ఎప్పుడూ నాన్నగారిదే, 'సర్, ఐ గివ్ యూ ది గ్లాస్' అని. మాస్టారు తాగాక మేం జగ్గులోంచి పోసుకునేవాళ్ళం. ఇవాళ మాస్టారు, ఉపవాసం అండి, సాయంత్రం ప్రార్థనయ్యాకే ఏదైనా అన్నారు. నాన్నగారు, అయితే పారబోస్తామా ఏంటి అని తాగేశారు. గింజ కిందపడితే ఏరుకునే మనిషండి ఆయన. పాపం ప్రవీణ్ బావ ఎంత చెప్పాడో."

"ఏమని?"

"మీకు షుగరు కదా మావయ్యా, ఇటివ్వండి అంటూ కుర్చీ తన్నుకుని లేచాడండి. గ్లాసు లాక్కోబోయాడు కూడా. నాన్నగారు వినలేదు, సగం తాగేశారు. బావ మాట విన్నా బాగుండేది."

'నా కుర్చీలో కూర్చుని చూస్తున్నాను' అన్నవాడు కుర్చీ తన్నుకుని లేచాడు.

"నాన్నగారు రోజూ జగ్గులోంచి నిమ్మరసం తాగుతారన్నావు. అప్పుడు కూడా బావ షుగరని అడ్డం పడతాడా?"

"లేదండి. ఎప్పుడూ..." అంది పూజిత. తర్వాత నా మొహంలోకి చూసింది. తను ఏం చెప్పిందో తనకే అర్థమైంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నిన్నటి పాఠం ఏంటమ్మా?" మెల్లగా అడిగాను.

"సెండ్ అండి. అబద్ధపు వాక్యాలు చెప్పకూడదని మాస్టారి నియమం. నిజంగా జరిగేదే చెప్పాలి. బావకి ఏదీ తట్టలేదు. మాస్టారే నవ్వుతూ అందించారు, 'ప్రవీణ్ సెండ్స్ దెమ్ ది రైస్ ఎవ్రీ సండే' అని. నాన్నగారు ఆశ్చర్యపోయారు. ఆదివారం మిల్లు సెలవు కదా మాస్టారూ, బియ్యం పంపేది ఎవరికి అన్నారు. నేను చర్చికి వెళ్ళేటప్పుడు మన లారీ చూస్తుంటానండి అన్నారు మాస్టారు. ఎక్కడ అని నాన్నగారు అడగబోతుంటే బావ, అది వేరే లారీ అయ్యుంటుంది, నాకు పనుంది అని లేచిపోయాడు. సరే రేపు మాట్లాడుకుందాం అన్నారు మాస్టారు."

ఆ రేపే ఇవాళ.

పాపం మాస్టారు! ఎదుటివాడికి ఒక వాక్యం సాయం చేశాననుకున్నారు. మావయ్య కళ్ళుగప్పి ఆదివారం పూట బియ్యం దాటిస్తున్నవాడికి అది ఉరితాడులా వినిపించింది. ఆ లారీ ఎక్కడ ఆగుతుందో చెప్పగలిగింది మాస్టారొక్కరే.

"చంద్రరావు గారూ!" అని కేకేశాను. వచ్చాడు. చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"కథ బాగుందండి. కానీ ముగ్గురు మనుషుల కళ్ళముందు, పట్టపగలు, చేతిలో ఉన్న గ్లాసులో మందు కలుపుతాడా? వీళ్ళేమైనా గుడ్డివాళ్ళా?"

"మీరు ప్రవీణ్ ఎదురుగా నిలబడండి. అంటే నా ఎదురుగా. మీరు కుక్కుటేశ్వరరావుగారు. పూజితా, నువ్వు మాస్టారి చోటుకి వెళ్ళమ్మా. హెడ్ గారూ, మీరు పూజిత చోట్లో ఉండండి."

"నాటకాలకి టైము లేదు."

"ఒక్క నిమిషం. పెళ్ళిచూపులకన్నా త్వరగా అయిపోతుంది."

మూతి ముడుచుకుని నిలబడ్డాడు. ఇందాక పూజిత పక్కన పెట్టేసిన మంచినీళ్ళ గ్లాసు నా చేతిలోకి తీసుకున్నాను. పూజిత బోర్డు దగ్గర్నుంచి, "గివ్ హిమ్ ది గ్లాస్" అంది. నేను 'హిమ్' అంటూ చంద్రరావు కళ్ళలోకి చూశాను. అతను నా కళ్ళలోకి చూశాడు. హెడ్డూ, పూజితా అతని మొహమే చూస్తున్నారు. 'గ్లాస్' అంటూ చెయ్యి చాపాను. అతను పుచ్చుకున్నాడు.

"ఇందులో కలిపింది ఏదీ?" అన్నాడు వెటకారంగా.

"గ్లాసులోకి చూడండి."

చూశాడు. నీళ్ళలో నాలుగు ధాన్యం గింజలు తేలుతున్నాయి. శాంపిలు పళ్ళెంలోంచి తీసి నేను పిడికిట్లో దాచుకున్నవి. అతను వేలు పెట్టి ఒక గింజ బయటికి తీశాడు. హెడ్ కానిస్టేబులు ఈసారి నవ్వలేదు.

"మీరు చూడలేదు. ఈ హెడ్ గారు కూడా చూడలేదు" అన్నాను. "ఎందుకంటే మనిషి మొహం చూడమని పాఠం. ఆ ఒక్క క్షణం గదిలో ఎవరూ గ్లాసుని చూడరని రోజూ క్లాసుకొచ్చేవాడికి బాగా తెలుసు. తెలియనిది ఒక్కటే, మాస్టారి ఉపవాసం. చర్చి గుమ్మం తొక్కినవాడికి తెలుస్తుంది గానీ, ప్రవీణ్‌కి ఎలా తెలుస్తుంది? మీరడిగారే, రోజూ తాగేవాడు ఇవాళెందుకు తాగలేదని? ఆ గ్లాసు మాస్టార్ని చంపడానికే పెట్టింది. చావాల్సిన మనిషిని పట్టుకుని చంపబోయినవాడన్నారు మీరు."

చంద్రరావు గ్లాసు బల్లమీద పెట్టాడు. అయినా పట్టు వదల్లేదు. "రేపు పిలిచి అడుగుదాం. ఎక్కడికి పోతాడు, ఆసుపత్రిలోనేగా ఉంటాడు."

"నిజంగా ఉన్నాడా?"

పూజిత అప్పటికే తల్లికి ఫోన్ చేస్తోంది. "అమ్మా, బావ వచ్చాడా?... పొద్దుట్నుంచీ రాలేదా?" ఫోన్ దించి మా ఇద్దరివంకా చూసింది.

కిటికీలోంచి ఎండ తగ్గిపోయింది. సాయంత్రం ప్రార్థనయ్యాకే ఏదైనా అని మాస్టారు పొద్దున్న ప్రవీణ్ ఎదుటే అన్నారు. ఆయన ఎక్కడున్నారో, ఎప్పుడు నోట్లో ముద్ద పెట్టుకుంటారో ఆ దుర్మార్గుడికి ఇప్పుడు తెలుసు.

"స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. మాస్టార్ని ఏదీ తిననివ్వొద్దని చెప్పండి, త్వరగా!"

చంద్రరావు స్పీకరు పెట్టి చేశాడు. కానిస్టేబులు సురేష్‌బాబు తీశాడు.

"అంతా ప్రశాంతంగా ఉంది సార్. మాస్టారు మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటున్నారండి. ఇందాకే మిల్లు నుంచి క్యారేజీ వచ్చింది సార్. ప్రవీణ్ బాబుగారే స్వయంగా తెచ్చారు. ఎంతైనా మాకు చదువు చెప్పినాయన, పొద్దుట్నుంచీ ఏం తినలేదు, పాపం అన్నారండి. పెద్దమనసు సార్ వాళ్ళది."

"ఒరేయ్, అది ఆయనకివ్వకు! పక్కన పెట్టెయ్!"

"ఇంకా ఇవ్వలేదు సార్. బయటి తిండి చూసి ఇవ్వమని మీరే చెప్పారు కదండీ. నేనే ముందు రుచి చూశాను. పులిహోర బాగుంది సార్, పెరుగన్నమే కాస్త... అదోలా..."

మాట ఆగిపోయింది. దగ్గు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. ఫోన్ దేనికో తగిలి కిందపడింది గానీ లైను తెగలేదు.

"సురేష్! సురేష్‌బాబూ!" చంద్రరావు అరుస్తున్నాడు. దూరంగా మాస్టారి గొంతు వినిపించింది. "ఎవరండీ బయట? ఈయన పడిపోయారండీ! ఎవరైనా రండి, పుణ్యం ఉంటుంది! నాకు చెయ్యి అందడం లేదు!"

"స్టేషన్లో ఇంకా ఎవరున్నారు?" అడిగాను.

"ఎవరూ లేరు" అన్నాడు చంద్రరావు. "అందరూ అంతర్వేది తీర్థం బందోబస్తుకి వెళ్ళారు. వీణ్ణొక్కణ్ణే కాపలా పెట్టాను. పెళ్ళై ఏడాది కాలేదు వీడికి." నా ముందు ఎన్నడూ తల వంచని మనిషి, ఆ మాట నేలవంక చూస్తూ అన్నాడు. మరుక్షణం టోపీ బల్లమీదే వదిలేసి, జీపు తియ్యమని అరుస్తూ మెట్లమీద పరుగెత్తాడు. హెడ్ కానిస్టేబులు తన ఫోన్‌లో అంబులెన్సుకి చేస్తూ అతని వెనకే దిగాడు. లైను తెగని చంద్రరావు ఫోన్ బల్లమీంచి తీసుకున్నాను. నేనూ పరుగెత్తాను. స్టేషన్ చేరాలంటే ఎంత తోలినా పావుగంట పడుతుంది.

జీపు ఎక్కుతుండగా ఫోన్లో చెప్పుల చప్పుడు వినిపించింది. ఎవరో తాపీగా నడిచొస్తున్నారు. ఆ మనిషి ఇంతసేపూ అక్కడే, స్టేషన్ వరండాలోనే కాచుకుని ఉన్నాడు.

"బాబూ ప్రవీణ్, వచ్చావా! దేవుడే పంపాడు" అన్నారు మాస్టారు, ఆ పిచ్చి మహారాజు. "ముందు ఈయన్ని చూడు నాయనా!"

"చూస్తానండి. అరవకండి మాస్టారూ, నేనున్నానుగా" అన్నాడు ప్రవీణ్. కింద పడి ఉన్న సురేష్‌బాబు నడుముకున్న లాకప్ తాళాలగుత్తి ఊడదీస్తున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.